ముంగిట్లో బడి: తార్నాక చుట్టూ చిన్నపిల్లల సర్కారు బడుల కథ

తార్నాక చౌరస్తా నుంచి ఏ దిక్కుకు నడిచినా కాసేపటికి ఏదో ఒక పెద్ద చదువుల ప్రహరీగోడ ఎదురవుతుంది. ఒకవైపు ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాని ఆవరణను ఆనుకునే జాతీయ పోషకాహార సంస్థ, ఇంగ్లీషు విదేశీ భాషల విశ్వవిద్యాలయం. ఉప్పల్ దారి పడితే రసాయన సాంకేతిక సంస్థ, భూభౌతిక పరిశోధన సంస్థ, సీసీఎంబీ. లాలాగూడ వైపు తిరిగితే 1893 నాటి రైల్వే వర్క్‌షాపు, దాని చుట్టూ రైల్వే క్వార్టర్లు. ఒక నగరంలో ఇన్ని పరిశోధనశాలలు, ఇంతమంది ఆచార్యులు ఇంత చిన్న జాగాలో ఉండటం అరుదే.

ఇన్ని పెద్ద చదువుల మధ్య అతి చిన్న చదువు సంగతేమిటి అన్నది ఈ వ్యాసం ప్రశ్న. మూడేళ్ళు నిండి ఆరేళ్ళు రాని పిల్లకు ఈ నేల మీద ప్రభుత్వం చూపించిన బడి ఏది? అది ఎలా పుట్టింది? ఒక గోడకు ఇటువైపు బిడ్డకు దొరికినది అటువైపు బిడ్డకు దొరికిందా? వీధికొకటిగా వెలిసిన ఎల్కేజీ, యూకేజీల జోలికి నేను పోవడం లేదు. ప్రజల డబ్బుతో నడిచే బడుల గురించే నా మాట.

తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చౌకీ. ఒకప్పుడు ఇక్కడి తోటలకు ముళ్ళకంచె వేసి కాపలా పెట్టారనీ, తార్నాక అనే పేరు దానివల్లే వచ్చిందనీ చెప్తారు. పేరులోనే కంచె ఉన్న ఊరన్నమాట. చిన్నపిల్లల బడుల చరిత్ర చూస్తుంటే ఆ పేరు నాకు పదేపదే గుర్తుకొస్తుంది.

ఈ కథలో 1918కి ఒక ప్రత్యేకత ఉంది. ఆ ఏడాదే ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరిట ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. ఆ ఏడాదే, ఇక్కడికి చాలా దూరాన, నీలగిరుల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు బెరిబెరి వ్యాధి మీద ఒక చిన్న పరిశోధన ప్రారంభించాడు. మొదటిది మనుషులకు ఏ భాషలో చదువు చెప్పాలన్న ప్రశ్నతో పుట్టింది. రెండోది మనుషులు ఏం తినాలన్న ప్రశ్నతో పుట్టింది. కూనూరు ప్రయోగశాల 1928లో పోషకాహార పరిశోధనశాలగా ఎదిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి విశ్వవిద్యాలయం పక్కన స్థిరపడింది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు వచ్చింది. వేరువేరు చోట్ల పుట్టిన రెండు ప్రశ్నలు అలా నలభై ఏళ్ళకు పక్కపక్క ఇళ్ళవాళ్ళయ్యాయి. చిన్నపిల్లల బడికి ఈ రెండూ కావాలి. మన ప్రభుత్వాలు రెండో ప్రశ్నకు జవాబు వెతికినంత పట్టుదలగా మొదటిదానికి వెతకలేదని నా అభియోగం. అది నిరూపించడానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మన దేశంలో చిన్నపిల్లల బడి అన్న ఆలోచన సర్కారు దఫ్తరులో పుట్టలేదు. గుజరాతులోని భావనగర్‌లో వకీలు వృత్తి వదిలి వచ్చిన గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం ప్రారంభించాడు. మాంటిస్సోరి పద్ధతిని తీసుకొని, ఖరీదైన పరికరాల స్థానంలో ఊళ్ళో దొరికే వస్తువులు పెట్టి, కథనూ పాటనూ ఆటనూ పాఠం చేశాడు. రాజకోటలో ప్రధానోపాధ్యాయిని పదవిలో ఉన్న తారాబాయి మోడక్ 1923లో ఆయనతో చేరింది. తరువాత ఆమె తనను తాను వేసుకున్న ప్రశ్న ఈ చరిత్రకు మలుపు: బాలమందిరానికి రాలేని పిల్లల మాటేమిటి? 1945లో ఆమె ఠాణా జిల్లాలోని బోర్డీ అనే ఊరికి వెళ్ళింది. బడికి రాని పేదల పిల్లల కోసం బడినే వాళ్ళ వాడకు తీసుకుపోయింది. ఎవరింటి ముంగిట్లోనో, చెట్టు నీడనో పిల్లల్ని కూర్చోబెట్టి, స్నానం చేయించి, పాట నేర్పి, ఆడించింది. మరాఠీలో అంగణ్ అంటే ముంగిలి, వాడీ అంటే తోట. అంగన్‌వాడీ అన్న మాట అలా వచ్చింది. ఆమెకు తోడుగా నిలిచిన అనూతాయి వాఘ్ ఆ పనిని కోస్‌బాడ్ కొండ మీది ఆదివాసుల మధ్య దశాబ్దాలపాటు సాగించింది.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోమని చదువరులను కోరుతున్నాను. అంగన్‌వాడీ పుట్టుకలో తిండి ప్రధానం కాదు. అది బడి. ముంగిట్లో పెట్టిన బడి.

మన తెలుగునాట ఈ పనికి ముందుగా గుర్తుకొచ్చే పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో 1937లో ఆంధ్ర మహిళా సభ స్థాపించి, రాజ్యాంగ సభలో కూర్చున్న ఆ మనిషి 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైంది. ఆ బోర్డు సాయంతో స్వచ్ఛంద సంస్థలు దేశమంతటా బాలవాడీలు నడిపాయి. పాట, ఆట, శుభ్రత, కాసిన్ని పాలు, దొరికితే ఉప్మా. హైదరాబాదు పాత బస్తీల్లోని పెద్దవాళ్ళు ఈనాటికీ అంగన్‌వాడీని బాల్వాడీ అని పిలవడం ఆ రోజుల జ్ఞాపకమే. ఆంధ్ర మహిళా సభ ఆసుపత్రి, కళాశాల ఇప్పటికీ విశ్వవిద్యాలయం రోడ్డు మీదే ఉన్నాయి. అంటే చిన్నపిల్లల బడికి జాతీయ స్థాయిలో మొదటి సర్కారు చేయూతనిచ్చిన మనిషి తన సంస్థను ఈ ఆవరణ గుమ్మంలోనే నెలకొల్పిందన్నమాట. కాని బాలవాడీ హక్కు కాదు. దానమిచ్చే చెయ్యి ఉన్నచోట ఉండేది, లేనిచోట లేదు.

ఇంతలో గోడకు ఇటువైపు తిండి ప్రశ్న మీద పని జోరందుకుంది. 1960లలో ప్రపంచమంతా ఒకే మాట పలికేది: పేద దేశాల పిల్లలకు మాంసకృత్తులు చాలడం లేదు, ప్రత్యేకమైన మాంసకృత్తుల పొడులు తయారుచేసి పంచాలి. జాతీయ పోషకాహార సంస్థను నడిపిన డాక్టర్ సి. గోపాలన్ ఈ మాటను ఒప్పుకోలేదు. పిల్లలకు లోటున్నది మాంసకృత్తులు కాదు, అసలు తిండే అన్నాడు. ఇంట్లో తినే అన్నమో రొట్టో పప్పుతో కలిపి కడుపునిండా దొరికితే మాంసకృత్తులు వాటంతటవే సరిపోతాయని ఆయన వాదం. హైదరాబాదు పరిసర గ్రామాల్లో చిన్నపిల్లలకు రోజూ సుమారు 300 కేలరీల అదనపు ఆహారం, గోధుమపిండీ చక్కెరా నూనె వంటి మామూలు సరుకులతో చేసినదే, ఏడాదికి పైగా పెట్టి చూశారు. పిల్లలు ఎత్తూ బరువూ పెరిగారు. 1973లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

అదే సంస్థ నుంచి వచ్చినదే హైదరాబాద్ మిక్స్. వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాముల పొడి, 330 కేలరీలు. చిక్కిపోయిన బిడ్డను కోలుకునేలా చేయడానికి ఏ వంటింట్లోనైనా చేసుకోగల మందు. విటమిన్ ఎ లోపంతో చూపు పోగొట్టుకుంటున్న పిల్లలకు పెద్ద మోతాదులో విటమిన్ చుక్కలు వేసే జాతీయ కార్యక్రమం 1970లో మొదలవడానికీ ఇక్కడి క్షేత్ర పరిశోధనలే ఆధారం. తార్నాకలో కూర్చొని రాసుకున్న లెక్కలు దేశంలోని పిల్లల గిన్నెలోకి చేరాయి. ఈ ఊరు గర్వపడదగ్గ చరిత్ర ఇది, మనం చెప్పుకోవలసినంతగా చెప్పుకోలేదు.

1974లో జాతీయ బాలల విధానం వచ్చింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. అప్పుడు దేశం మొత్తానికీ 33 ప్రాజెక్టులు: 18 గ్రామీణం, 11 గిరిజనం, 4 నగరం. తారాబాయి పెట్టిన పేరునే కేంద్రానికి పెట్టారు. పథకం ఆరు సేవలను వాగ్దానం చేసింది: అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య విద్య, పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. ఆరింటికీ కలిపి ఒక టీచరు, ఒక ఆయా. తిండికి లెక్క స్పష్టం: బిడ్డకు రోజుకు 300 కేలరీలు, 8 నుంచి 10 గ్రాముల మాంసకృత్తులు. 2009లో దాన్ని 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాములకు పెంచారు. చదువుకు అటువంటి లెక్క ఏదీ రాయలేదు. బిడ్డకు రోజుకు ఎన్ని కథలు, ఎన్ని పాటలు, ఎంతసేపు ఆట అన్నది ఏ ఉత్తర్వూ గ్రాముల్లో తూచలేదు. తూచలేనిది కాలక్రమంలో తప్పిపోయింది. ముంగిట్లో బడిగా పుట్టినది ముంగిట్లో వంటశాలగా మిగిలింది.

వంటశాలను చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. ఆకలితో ఉన్న బిడ్డకు అక్షరం ఎక్కదు. ఆ వంటశాల నిలబడటానికి కూడా జనం కోర్టుకెక్కవలసి వచ్చింది. 2001లో మొదలైన ఆహార హక్కు వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ పథకాన్ని ప్రతి వాడకూ విస్తరించమని ఆదేశించింది. 2006 డిసెంబరులో మరింత గట్టిగా, దేశంలో 14 లక్షల కేంద్రాలుండాలనీ, ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉన్న ఏ బస్తీ అయినా అడిగితే మూడు నెలల్లో కేంద్రం తెరవాలనీ చెప్పింది. 2013 ఆహార భద్రతా చట్టంతో ఆ తిండి చట్టబద్ధమైన హక్కయింది. తెలంగాణలో 35,700 కేంద్రాలు ఏర్పడ్డాయి. మూడేళ్ళలోపు పిల్లలకు ఇంటికిచ్చే బాలామృతం పొడి తయారయ్యే కర్మాగారం కూడా తార్నాకకు పొరుగునున్న నాచారంలోనే ఉంది. ఒకనాటి ఏపీ ఫుడ్స్, రాష్ట్రం విడిపోయాక తెలంగాణ ఫుడ్స్. నెలకు బిడ్డకు రెండున్నర కిలోల సంచి. తిండి విషయంలో ప్రశ్న అడిగినదీ, లెక్క కట్టినదీ, పొడి కొట్టినదీ రెండు మూడు మైళ్ళలోపే.

ఇప్పుడు ఈ పరిసరాల్లో ఉన్న సర్కారు బడులను పక్కపక్కన పెట్టి చూద్దాం. నా లెక్కలో అవి నాలుగు రకాలు.

మొదటిది బస్తీ అంగన్‌వాడీ. విశ్వవిద్యాలయం గోడను ఆనుకొని మాణికేశ్వరినగర్ ఉంది. వడ్డెర బస్తీ అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. రాయి కొట్టే కులం పేరుతో ఉన్న బస్తీ, రాతి కట్టడానికి ప్రసిద్ధి చెందిన ఆర్ట్స్ కళాశాలకు కూతవేటు దూరంలో. ఇటువంటి నగరపు బస్తీల్లో కేంద్రం సాధారణంగా ఒక అద్దెగది. నేను చూసిన ఒకానొక గదిలో బియ్యం బస్తాలు, గుడ్ల అట్టలు, బరువు తూచే యంత్రం పోను మిగిలిన చోట పది పన్నెండు మంది పిల్లలు కూర్చున్నారు. గోడ మీద అ నుంచి అః వరకు బొమ్మల పటం. టీచరమ్మ ఒక పక్క ఫోనులో వివరాలు నమోదు చేస్తూ మరోపక్క పాట పాడిస్తోంది. పిల్లలు పాట ఆపలేదు, ఆమె పని ఆగలేదు. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

రెండోది సంస్థల ఆవరణల్లోని శిశుసంరక్షణ కేంద్రం, అంటే క్రెష్. దీని మూలం వేరు. 1948 కర్మాగారాల చట్టం 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట పిల్లల గది ఉండాలన్నది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. 2017లో ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థకూ ఆ బాధ్యత పెట్టింది. ఇక్కడ ముఖ్యమైనది వేళ. తల్లి పని ముగిసేదాకా బిడ్డను చూసుకుంటారు. అంగన్‌వాడీ ఈ ప్రశ్నే వేసుకోలేదు. అడ్డా కూలికి పొద్దున్నే బయల్దేరే తల్లికి తొమ్మిది దాటాక తెరిచి సాయంత్రానికి ముందే మూసే గది ఎంతవరకు అక్కరకొస్తుంది? పెద్ద ఉద్యోగం చేసే తల్లికి చట్టం గుర్తించిన అవసరం, ఆ ఉద్యోగి ఇంట్లో అంట్లు తోమే తల్లికి ఏళ్ళ తరబడి గుర్తుకు రాలేదు. 2022 నుంచి పాల్నా పేరుతో అంగన్‌వాడీలకే క్రెష్‌లను జోడించే కేంద్ర పథకం వచ్చింది, ఆలస్యంగానైనా.

మూడోది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు ప్రాధాన్యమిచ్చే కేంద్రీయ విద్యాలయాల బాలవాటిక. జాతీయ విద్యావిధానం 2020 మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశ అన్న తరువాత, 2022లో కొన్ని కేంద్రీయ విద్యాలయాల్లో ఇవి మొదలయ్యాయి. ప్రత్యేకమైన తరగతి గది, ఆట సామాను, బోధన కోసమే ఉన్న టీచరు. మధ్యాహ్నం వేడి అన్నం, గుడ్డు మాత్రం అంగన్‌వాడీలోనే.

నాలుగోది అసలు లేకపోవడమే ఒక రకంగా ఉండిన బడి. మామూలు సర్కారు ప్రాథమిక పాఠశాల చాలాకాలం ఒకటో తరగతితోనే మొదలైంది. మూడేళ్ళకే బిడ్డను బడిలో వెయ్యాలనుకున్న తల్లిదండ్రులు ప్రైవేటు ఎల్కేజీ వైపు నడిచారు. ఒకసారి అటు వెళ్ళిన బిడ్డ ఆరో ఏట వెనక్కి రాదు. సర్కారు బడులు ఖాళీ అవడానికి పదో తరగతి ఫలితాల్లో కారణం వెతుకుతాం. ఆ ఖాళీ మొదలయ్యేది మూడో ఏట. 2025లో తెలంగాణ ప్రభుత్వం కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో పూర్వ ప్రాథమిక తరగతులు తెరవడానికి అనుమతించింది.

ఇంతకీ పోలిస్తే ఏది మేలు? ప్రైవేటును ఈ పోలికలో కలిపినా ఏ ఒక్కటీ పూర్తిగా నెగ్గదు. 2017లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అస్సాం, రాజస్థాన్, తెలంగాణల్లో సుమారు 14,000 మంది పిల్లలను నాలుగో ఏట నుంచి ఎనిమిదో ఏటి వరకు అనుసరించింది. ఐదేళ్ళకు బడికి సిద్ధంగా ఉండవలసిన స్థాయికి పిల్లలు చాలా దిగువన ఉన్నారని తేలింది. అంగన్‌వాడీలో బోధన తక్కువ. ప్రైవేటులో ఆ వయసుకు తగని బోధన ఎక్కువ: పలక మీద రాత, బట్టీ, హోంవర్కు. ఒకచోట బడి చాలలేదు, ఇంకోచోట బాల్యం చాలలేదు.

దారి లేదా అంటే ఉంది. తమిళనాడులో 640 కేంద్రాల్లో ఒక ప్రయోగం చేశారు. కొన్నింటిలో చదువు చెప్పడానికి మాత్రమే సగం రోజు పనిచేసే మరొక మనిషిని నియమించారు. పిల్లలకు దొరికే బోధన సమయం రెట్టింపయింది. పద్దెనిమిది నెలల్లో భాష, లెక్కల్లో పిల్లలు స్పష్టంగా ముందుకు వెళ్ళారు. అంతకన్నా విశేషం, పాత టీచరుకు ఆరోగ్యం, పోషణ చూసుకోవడానికి వ్యవధి దొరికి పిల్లల ఎదుగుదల లోపం కూడా తగ్గింది. చదువుకు మనిషిని పెడితే తిండి పని కూడా బాగుపడిందన్నమాట. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంతకుముందు సర్వేలో అది 28 శాతం. పోషకాహార పరిశోధనకు రాజధాని అనదగ్గ ఊరున్న రాష్ట్రంలో ఈ అంకె పెరగడం మనందరికీ నిద్రపట్టనివ్వకూడని సంగతి.

ఆ మొదటి మనిషికైనా మనం ఇచ్చినదేమిటి? చట్టం దృష్టిలో ఆమె గౌరవ సేవకురాలు, ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. తెలంగాణలో 2021లో పెంచాక రూ. 13,650. అంగన్‌వాడీ కార్యకర్తకు గ్రాట్యుటీ పొందే హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2022 ఏప్రిల్ వచ్చింది, అంటే పథకం మొదలైన 47 ఏళ్ళకు. 2023లో తెలంగాణలోనూ, ఆ ఏడాది డిసెంబరు నుంచి 42 రోజులపాటు ఆంధ్రప్రదేశ్‌లోనూ వాళ్ళు సమ్మె చేశారు. ఆంధ్రలో ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవ అని చట్టం చెప్పింది. అంత అత్యవసరమైన పని చేసేవాళ్ళు ఉద్యోగులు కాకుండా ఎలా పోయారో ఆ చట్టం చెప్పలేదు.

చివరగా, మనబోటి తెలుగు ప్రేమికులకు దగ్గరి సంగతి ఒకటి. ఉస్మానియా ప్రత్యేకత దేశభాషలో ఉన్నత విద్య. 1917లోనే అనువాద శాఖ పెట్టి, భౌతికశాస్త్రం నుంచి వైద్యం దాకా ఉర్దూలోకి తెచ్చారు. రాజ్యంలో సుమారు సగం మంది తెలుగువారు కాబట్టి అది అందరి మాతృభాష కాదన్న విమర్శ న్యాయమైనదే. అయినా, ఇంగ్లీషు లేకుండా అతి పెద్ద చదువు చెప్పవచ్చునని నిరూపించిన నేల ఇది. 1948 తరువాత ఆ ప్రయోగం ముగిసింది. ఆ నేల మీదే ఇవాళ మూడేళ్ళ బిడ్డకు కూడా ఇంగ్లీషు అక్షరాలతో చదువు మొదలుపెట్టకపోతే అది బడే కాదనుకునే రోజు వచ్చింది. ఇంట్లో తెలుగో ఉర్దూనో మాట్లాడే బిడ్డతో ఆ భాషలోనే కథ చెప్పే సర్కారు బడి ఇంకా ఏదైనా ఉంటే అది ఆ బస్తీ అద్దెగదే. తెలుగు భాష కోసం సభలు పెట్టేవాళ్ళం, పదకోశాలు కూర్చేవాళ్ళం, ఆ గదిలో ఎన్ని బొమ్మల కథల పుస్తకాలున్నాయో ఒకసారి వెళ్ళి లెక్కపెట్టవచ్చు. ఉన్నవి చినిగిపోతే కొత్తవి ఇవ్వడానికి ఏ పథకమూ అడ్డు రాదు.

300 కేలరీలు సరిపోతాయా అని ఒకప్పుడు ఈ ఊళ్ళో ఒక శాస్త్రవేత్త అడిగాడు. గ్రామాలకు వెళ్ళి, తూచి, కొలిచి, ప్రపంచం ఒప్పుకున్న మాటను కాదన్నాడు. రోజుకు ఎన్ని కథలు సరిపోతాయన్న ప్రశ్నను కూడా అంత పట్టుదలతో అడిగే మనిషి కోసం, పక్కనే ఇన్ని విశ్వవిద్యాలయాలూ పరిశోధనశాలలూ ఉండగా, ఆ అద్దెగది ఇంకా ఎదురుచూస్తోంది.